మాట ఒకరిది, షాట్ ఇంకొకరిది

చిన్నీ,

ఆస్కార్ వైల్డ్ నాటకం ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’కి స్క్రీన్‌ప్లే రాసే పని నీకు వచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! నువ్వు పంపిన సీన్ ఆర్డర్ కూడా చదివాను. మొదటి పేజీలోనే హైడ్ పార్కులో గుర్రబ్బళ్లు, థేమ్స్ మీద పడవ షికారు, విక్టోరియా స్టేషన్‌లో రద్దీ ఉన్నాయి. కింద ‘స్టేజీ నాటకంలా అనిపించకూడదు కదా పెద్దమ్మా’ అని రాశావు.

నాటకాన్ని తెరకెక్కించే ప్రతి రచయితకీ ముందుగా పట్టుకునే టెన్షన్ ఇదేనమ్మా. నలుగురు మనుషులు ఓ గదిలో కూర్చుని మాట్లాడుకుంటూ పోతే జనం లేచి వెళ్లిపోతారేమో అని. దాంతో పాత్రల్ని గదిలోంచి లేపి వీధిలో నడిపిస్తారు, బండెక్కిస్తారు, పడవెక్కిస్తారు. మాటలు అవే ఉంటాయి, వెనకాల సీనరీ మారుతుంది. అంతకుమించి ఒరిగేదేమీ ఉండదు.

నన్నడిగితే, వైల్డ్ నాటకంలో మాట ఎంత గొప్పదైనా, నవ్వు పండేది ఆ మాట పడ్డ మనిషి దగ్గర. లోపల మండిపోతున్నా మర్యాద తప్పకుండా కూర్చోవాలి, దొరికిపోయినా దొరకనట్టే ఉండాలి. స్టేజీ మీద మాట్లాడేవాళ్లూ వినేవాళ్లూ ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు కాబట్టి ఎవర్ని చూడాలో ప్రేక్షకుడే ఎంచుకుంటాడు. సినిమాలో ఆ ఎంపిక నువ్వు చేసి పెట్టాలి. నోరు ఎవరిదైతే కెమెరా వాళ్ల మీదే అనుకుంటూ రాసుకుపోతే, సినిమా అంతా జోకుల పోటీలా తయారవుతుంది. అరగంటకల్లా జనం అలిసిపోతారు.

సందేహం ఉంటే ఎర్నస్ట్ లూబిష్ 1925లో తీసిన ‘లేడీ విండర్‌మియర్స్ ఫ్యాన్’ చూడు. అది మూకీ సినిమా. వైల్డ్ అంటేనే మాటలు, ఆ మాటలే లేకుండా వైల్డ్ నాటకం ఎలా తీస్తారని ఎవరికైనా అనిపిస్తుంది. టైటిల్ కార్డుల మీద వైల్డ్ చమత్కారాలు వేసుకునే వీలుంది, లూబిష్ అదీ చేయలేదు. నాటకంలో లేని గుర్రప్పందేల సీను ఒకటి కల్పించాడు. మిసెస్ ఎర్లిన్ అనే చెడ్డపేరు పడ్డ ఆవిడ అక్కడికి వస్తుంది. గుర్రాలు చూడ్డానికి తెచ్చుకున్న బైనాక్యులర్లన్నీ ఆవిడ వైపు తిరుగుతాయి. పెద్దింటి మనుషులు ఒకరి తర్వాత ఒకరు ఆవిడని కళ్లతో తడిమేస్తుంటారు. ఒక్క చమత్కారం లేకపోయినా అది అచ్చంగా వైల్డ్ లోకమే. లూబిష్ బయటికి వెళ్లాడు కదా అంటావేమో. వెళ్లాడు, కానీ డ్రాయింగ్ రూములో ఉండే చూపుల్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. నీ పడవ షికారు సీనులో వాళ్లని చూసేది ఎవరు? ఎవరూ లేరు. అందుకే ఆ సీను నిలబడటం లేదు.

బయటికి వెళ్లాల్సిన సందర్భం ఒకటుంది. కథ మలుపు తిరిగే ఘట్టం నాటకంలో తెర వెనక జరిగిపోయి, దాని గురించి స్టేజీ మీద కేవలం చెప్పుకుంటే, దాన్ని తప్పకుండా చూపించాలి. ‘యాన్ ఐడియల్ హస్బెండ్’లో సర్ రాబర్ట్ చిల్టర్న్ పార్లమెంటులో ఇచ్చిన ప్రసంగం సంగతి నాటకంలో పేపర్లో చదివితేనే మనకి తెలుస్తుంది. కుర్రతనంలో సూయజ్ కాలువ షేర్ల గురించిన ప్రభుత్వ రహస్యం అమ్ముకుని పైకొచ్చిన మనిషి అతను. అప్పుడతను రాసిన ఉత్తరం చేతిలో పెట్టుకుని మిసెస్ చెవ్లీ బెదిరిస్తోంది. సభలో లేచి ఏం మాట్లాడతాడన్నదే కథంతా. ఆలివర్ పార్కర్ 1999లో సినిమా తీసినప్పుడు ఆ ప్రసంగాన్ని సభలోనే పెట్టాడు. చాలా మంచి పని. మరి నీ నాటకంలో అలా తెర వెనక జరిగిపోయేదేముంది? పల్లెలో జాక్‌గా, లండన్‌లో ఎర్నెస్ట్‌గా చలామణీ అయ్యేవాడి కథ అది. మలుపులన్నీ మన కళ్లముందే, అతని స్నేహితుడు ఆల్జర్నన్ ఫ్లాటులోనూ హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో జాక్ ఇంటి తోటలోనూ గదిలోనూ జరుగుతాయి. అందుకే నువ్వు బయటికి వెళ్లినప్పుడల్లా కథ ఆగిపోతోంది.

ఇక టీ సీను. దీని గురించి తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క సీను సరిగ్గా రాయగలిగితే మిగతా సినిమా ఎలా రాయాలో నీకే తెలిసిపోతుంది.

జాక్ ప్రేమించిన గ్వెండలెన్, జాక్ సంరక్షణలో ఉన్న సిసిలీ, ఇద్దరూ ఎర్నెస్ట్ అనే మనిషికే పెళ్లికి మాటిచ్చామని అప్పుడే తెలుసుకున్నారు. కొట్టుకునేలా ఉన్నారు. సరిగ్గా అప్పుడు బట్లర్ మెరిమన్, అతని వెనక ఇంకో నౌకరు టీ సామాను పట్టుకుని వస్తారు. అంతే, ఇద్దరి నోళ్లూ కట్టుబడిపోతాయి. నౌకర్ల ముందు గొడవపడకూడదు. కాబట్టి దెబ్బలాట టీ కప్పులోకి దిగుతుంది. పంచదార వద్దంటుంది గ్వెండలెన్. సిసిలీ పటకారుతో నాలుగు గడ్డలు తీసి కప్పులో వేస్తుంది. కేక్ వద్దు, బ్రెడ్డూ వెన్నా చాలంటుంది. సిసిలీ పెద్ద కేక్ ముక్క కోసి పళ్లెంలో పెట్టి, ఆవిడకి ఇవ్వమని మెరిమన్‌కి చెబుతుంది. నౌకర్లు వెళ్లిపోయాక గ్వెండలెన్ గుక్క తాగి మొహం చిట్లిస్తుంది. బ్రెడ్డుకోసం చెయ్యి చాపి, చూస్తే కేకు. అప్పుడు లేస్తుంది.

నీ డ్రాఫ్టులో ఈ సీను ఇద్దరమ్మాయిల క్లోజప్పుల మధ్య టకటకా అటూ ఇటూ కట్ అవుతోంది. మెరిమన్ ఒక లైనులో వచ్చి ఒక లైనులో వెళ్లిపోయాడు. తల్లీ, ఆ సీనుకి ఇరుసు మెరిమనే! అతను అక్కడ ఉన్నాడు కాబట్టే వాళ్లు నోరు నొక్కుకుని కూర్చున్నారు. అతన్ని ఫ్రేములో ఉంచు, ఇద్దరికీ మధ్యలో, కాస్త వెనగ్గా. అతని ఉద్యోగమే ఏమీ విననట్టు నిలబడటం. ఒక్కో గడ్డా కప్పులో పడే చప్పుడు వినపడనీ. నాలుగో గడ్డ పడ్డప్పుడు సిసిలీ మొహం కంటే గ్వెండలెన్ మొహం కావాలి మనకి. ఆవిడ చూసింది, చూసినట్టు ఒప్పుకోకూడదు. కేక్ పళ్లెం మెరిమన్ చేతిలో ప్రయాణం చేసే ఆ రెండు మూడు సెకన్లూ కట్ చేయకు. ఆ పళ్లెం ఒక తిట్టు, దాన్ని మర్యాదగా మోసుకెళ్లి అందించేది ఆ పెద్దమనిషి. డైలాగు ఒక్కటి కూడా కొత్తగా రాయక్కర్లేదు. వైల్డ్ ఈ సీనుని సగం సినిమాగానే రాసిపెట్టాడు.

అలాంటిదే ఇంకోటి, జాక్ నల్లబట్టల్లో రావడం. పల్లెలో అందరికీ ఉన్నాడని చెప్పుకున్న, అసలు లేని తమ్ముడు ఎర్నెస్ట్‌ని చంపేద్దామని నిర్ణయించుకుని, నల్ల గ్లవ్స్ తొడుక్కుని, టోపీకి నల్ల పట్టీ కట్టుకుని, తోట వెనక నుంచి మెల్లగా నడిచివస్తాడు. అప్పటికే ఆల్జర్నన్ ఆ ఎర్నెస్ట్‌ని నేనేనని చెప్పి ఇంట్లో దూరి ఉన్నాడు. మనకి ఆ సంగతి తెలుసు, జాక్‌కి తెలియదు. ఒక్క మాట లేకుండా థియేటర్ అదిరిపోయే చోటు ఇది. నువ్వు గ్లవ్స్ క్లోజప్, టోపీ క్లోజప్, బూట్ల క్లోజప్ అని ముక్కలు చేశావు. దూరం నుంచి రానీ. ముందు సిసిలీకి చదువు చెప్పే మిస్ ప్రిజమ్, చాజుబుల్ పాదిరి మాట్లాడుకుంటూ ఉంటారు, వాళ్ల భుజాల వెనక దూరంగా ఒక నల్లటి మనిషి. ప్రేక్షకుడు తనంతట తను కనిపెట్టాలి. వాళ్లిద్దరూ తల తిప్పేదాకా ఆ షాట్ అలాగే ఉంచు.

గ్వెండలెన్ తల్లి లేడీ బ్రాక్‌నెల్ జాక్‌ని ప్రశ్నించే సీను మన పెళ్లిచూపుల్లాంటిదే, కాకపోతే ఇక్కడ పరీక్ష పెళ్లికొడుక్కి. ఆవిడ చేతిలో నోటుబుక్కు, పెన్సిలు ఉంటాయి. కూర్చోమంటే జాక్ నిలబడే ఉంటానంటాడు. వయసు 29. సిగరెట్ తాగుతాడు. రాబడి ఏడాదికి 7, 8 వేల పౌండ్లు, అదీ ఎక్కువగా పెట్టుబడుల మీద. పల్లెలో ఇల్లు, దాన్ని అంటిపెట్టుకుని 1500 ఎకరాల దాకా భూమి. లండన్‌లో బెల్‌గ్రేవ్ స్క్వేర్‌లో 149వ నంబరు ఇల్లు, అదొక్కటే కొంచెం తక్కువ, ఎందుకంటే అది ఫ్యాషన్ లేని వైపు ఉంది. ఇంతదాకా బాగానే సాగుతుంది. తర్వాత తల్లిదండ్రుల సంగతి వస్తుంది. ఇద్దరూ లేరు. అసలు ఎవరో కూడా తెలియదు. విక్టోరియా స్టేషన్ క్లోక్‌రూములో, బ్రైటన్ లైను దగ్గర, ఓ హ్యాండ్‌బ్యాగులో దొరికాడు.

ఇక్కడే ప్రతి రచయితకీ, ప్రతి నటికీ కాళ్లు వణుకుతాయి. ఆంథొనీ ఆస్క్విత్ 1952లో తీసిన సినిమాలో ఎడిత్ ఎవాన్స్ ‘హ్యాండ్‌బ్యాగ్’ అన్న మాటని ఎంత సాగదీసి, ఎంత ఎత్తుకి తీసుకెళ్లి పలికిందంటే, ఆ తర్వాత ఎవరు ఆ పాత్ర వేసినా జనం ఆ మాట కోసమే కాచుక్కూర్చుంటారు. పార్కర్ 2002లో ఇదే నాటకం తీసినప్పుడు జూడి డెంచ్ దాన్ని సాగదీయకుండా తనదైన పద్ధతిలో దాటేసింది. రెండూ నాకిష్టమే. నీ సినిమాలో ఆ మాటకి వేరే బరువు కావాలంటే దారి ఒకటుంది. సీను మొదటినుంచీ పెన్సిల్ కదులుతున్న చప్పుడు వినిపిస్తూ ఉండనీ. ప్రతి జవాబుకీ ఆవిడ ఏదో రాసుకుంటుంది. హ్యాండ్‌బ్యాగు అనగానే పెన్సిలు ఆగాలి. ఆ చప్పుడు ఆగినప్పుడు మనం జాక్ మీద ఉండాలి. అప్పుడు ఆవిడ ఆ మాట ఎలా పలికినా చెల్లుతుంది.

ఇదే ఆవిడ చివరి అంకంలో, ఆల్జర్నన్ పెళ్లాడతానన్న సిసిలీ విషయంలో ఎలా మారుతుందో చూడు. పిల్ల ఎవరో ఏమిటో అని లేచి వెళ్లిపోబోతుంది. జాక్ మాటవరసకి చెప్పినట్టు చెబుతాడు, ఆ పిల్ల పేర 1,30,000 పౌండ్లు ఉన్నాయని. లేడీ బ్రాక్‌నెల్ మళ్లీ కూర్చుంటుంది. వైల్డ్ రాసిన రంగసూచన అదే, మళ్లీ కూర్చోవడం. తర్వాత పిల్లని ఇటు తిరగమంటుంది, గడ్డం కాస్త ఎత్తమంటుంది, ప్రొఫైల్ బాగుందంటుంది. ఆ కూర్చోవడాన్ని వైడ్‌లో, పూర్తి మనిషి కనిపించేలా తీయించు. ఆ పట్టుబట్టలన్నీ కుర్చీలో సర్దుకునేదాకా అందరూ ఆగి చూస్తుండాలి.

ఇప్పుడు హ్యాండ్‌బ్యాగు బయటపడే సీను. నువ్వు ఇక్కడ ఫ్లాష్‌బ్యాక్ పెట్టావు. 28 ఏళ్ల కిందటి లండన్, మిస్ ప్రిజమ్ పడుచుపిల్లగా, పరధ్యానంలో తను చూసుకునే బిడ్డని హ్యాండ్‌బ్యాగులో, తను రాసిన నవలని పిల్లల బండిలో పెట్టేయడం. అందంగా రాశావు, చదువుతుంటే కళ్లకి కట్టింది. అయినా అది తీసెయ్యి. మిస్ ప్రిజమ్ దాన్ని నోటితో చెప్పుకోవాలి. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి, పదిమంది ముందు, అదీ లేడీ బ్రాక్‌నెల్ ముందు నిలబడి చెప్పాల్సిరావడం ఆవిడ శిక్ష. బొమ్మ చూపించేస్తే ఆ శిక్ష ఉండదు.

ఆ వెంటనే జాక్ మేడ మీదకి పరుగెత్తి బ్యాగు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, ఇదేనా చెప్పమంటాడు. అతని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆవిడ జవాబులో ఉన్నాయి. ఆవిడ ఏం చేస్తుంది? తీరిగ్గా బ్యాగు పరీక్ష చేస్తుంది. ఇదిగో, గోవర్ స్ట్రీట్‌లో బస్సు బోల్తాపడ్డప్పుడు తగిలిన దెబ్బ. ఇదిగో లోపల మరక, లెమింగ్టన్‌లో సీసా పేలినప్పటిది. తాళం మీద తన పేరు పొడి అక్షరాలు. అవును, ఇది నాదే, ఇన్నాళ్లూ ఇది లేక చాలా ఇబ్బంది పడ్డాను, దొరికినందుకు సంతోషం అంటుంది. ఆవిడకి బ్యాగు దొరికింది. ఎదురుగా నిలబడ్డవాడికి తల్లి దొరుకుతుందేమో అన్న ఆశ. ఈ సీనులో ప్రిజమ్ డైలాగు నడుస్తున్నంతసేపూ జాక్‌ని వదలకు. ఒక్కో గుర్తు దొరికినప్పుడల్లా అతని మొహంలో ఆశ ఒక్కో మెట్టు ఎక్కాలి. నవ్వొస్తుంది, గొంతులో ఏదో అడ్డం కూడా పడుతుంది. ఆ రెండూ ఒకేసారి జరిగే చోటు ఈ నాటకంలో ఇదొక్కటే. నాకు మహా ఇష్టమైన సీను కూడా.

ముగింపు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పార్కర్ 2002 సినిమాలో ఆఖర్న ఒక మార్పు చేశాడు. జాక్‌కి తండ్రి పేరే పెట్టారని తేలాక, సైన్యం జాబితాలో ఆ తండ్రి పేరు చూస్తే అది జాన్ అని ఉంటుంది, జాక్ మాత్రం ఎర్నెస్ట్ అని బొంకుతాడు. నువ్వూ అలాంటిదే ఏదైనా చేద్దామా అని అడిగావు. వద్దు. ఇంతకాలం అబద్ధం అనుకుంటూ చెప్పింది నిజమేనని జాక్‌కి తెలియడం ఈ నాటకానికి ఆయువుపట్టు. ఆ నిజాన్ని తీసేస్తే అతను మామూలు మోసగాడు, గ్వెండలెన్ మోసపోయిన పిల్ల అయిపోతారు. నవ్వు చేదెక్కుతుంది. పార్కర్ ఆ మార్పు తెలిసే చేసి ఉంటాడు, కానీ నాకు మనసొప్పదు. ఆల్జర్నన్ బెలూన్‌లో దిగడం, గ్వెండలెన్ పచ్చబొట్టు పొడిపించుకోవడం కూడా ఆ సినిమాలోవే. చూడ్డానికి హుషారుగా ఉంటాయి. కానీ అంత స్వేచ్ఛగా తిరగగలిగిన గ్వెండలెన్, తల్లి ‘కారులో కూర్చో’ అన్నట్టు ‘వెళ్లి బండిలో కూర్చో’ అనగానే ఎందుకు వెళ్లి కూర్చుంటుంది?

ఆ సినిమాలో అప్పులవాళ్లు వచ్చే సీను సంగతి వేరు. మొదట వైల్డ్ రాసింది నాలుగంకాల నాటకం. అందులో గ్రిబ్స్‌బీ అనే లాయరు ఆల్జర్నన్‌ని పట్టుకుపోవడానికి వస్తాడు, సవాయ్ హోటల్‌లో తిన్న భోజనాల బాకీ 762 పౌండ్ల 14 షిల్లింగుల 2 పెన్నీల కోసం. సెయింట్ జేమ్స్ థియేటర్ నడిపే జార్జ్ అలెగ్జాండర్ చెబితే వైల్డ్ నాటకాన్ని మూడంకాలకి కుదించాడు, ఆ సీను పోయింది. పార్కర్ దాన్ని మళ్లీ వాడుకున్నాడు. నువ్వూ వాడుకోవచ్చు, అది వైల్డ్ సొంత సరుకే. అయితే రెండో అంకం వేగం దెబ్బతింటుందేమో చూసుకో. అలెగ్జాండర్ థియేటర్ మనిషి, ఊరికే కొట్టేయించలేదు.

డైలాగు తగ్గించడం తప్పదు. స్టేజీ మీద రెండు గంటలు పైన నడిచేదాన్ని నువ్వు గంటన్నర చేయాలి. కానీ వాక్యం మధ్యలో కత్తెర పెట్టకు. వైల్డ్ వాక్యాలు జతలుగా నడుస్తాయి. మొదటి సగం మామూలు మాటలా వచ్చి మనల్ని నమ్మించి కూర్చోబెడుతుంది, రెండో సగం తలకిందులు చేస్తుంది. పొడుగైందని మొదటి సగం కుదిస్తే రెండోది పడదు. తీస్తే మొత్తం ముక్క తీసెయ్యి, ఉంచితే మొత్తం ఉంచు. నీ డ్రాఫ్టులో చాలాచోట్ల ‘వెల్’, ‘యు నో’ లాంటివి చేర్చి సహజంగా చేద్దామని చూశావు. అవన్నీ కొట్టేయి. ఈ మనుషులు పూర్తి వాక్యాల్లో మాట్లాడతారు. ఒకరి మాట మీద ఒకరు పడరు.

స్టేజీ మీద నటుడు నవ్వు కోసం ఆగుతాడు. హాలు గొల్లుమని, అది తగ్గుతుండగా సరిగ్గా తర్వాతి మాట అందుకుంటాడు. మన పద్యనాటకాల్లో అయితే జనం ‘వన్స్ మోర్’ అని అరిచి మరీ మళ్లీ పాడించుకునేవాళ్లు. సినిమాకి ఆ వెసులుబాటు లేదు. నవ్వు కోసం ఖాళీ వదిలితే, ఒంటరిగా ఫోన్‌లో చూసేవాడికి ఆ ఖాళీ కనిపించిపోతుంది. వదలకపోతే, నిండిన హాల్లో నవ్వు కింద తర్వాతి మాట కొట్టుకుపోతుంది. పెద్ద మాట తర్వాత మాటలేని పని ఒకటి రాయి. కప్పు కింద పెట్టడం, నోటుబుక్కు పేజీ తిప్పడం, తలుపు దగ్గర ఆల్జర్నన్ నౌకరు లేన్ కనిపించి మళ్లీ వెళ్లిపోవడం. నవ్వితే ఏమీ పోదు, నవ్వకపోయినా చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ మ్యూజిక్ మాత్రం వద్దు. జోకు కింద చిలిపి మ్యూజిక్ వేస్తే, ఇది జోకు అని చెప్పి మరీ నవ్వించినట్టు ఉంటుంది.

నటులకి నువ్వు బ్రాకెట్లలో ‘వ్యంగ్యంగా’, ‘కొంటెగా’ అని రాసిన సూచనలు కూడా తీసెయ్యి. గ్వెండలెన్ ఎర్నెస్ట్ అనే పేరున్నవాణ్నే ప్రేమిస్తానంటే అది ఆవిడ నిజంగా నమ్మిన సంగతి. తను చమత్కారంగా మాట్లాడుతున్నానని ఆవిడకి తెలియకూడదు. నటి కళ్లల్లో ‘చూశారా ఎలా అన్నానో’ అన్న మెరుపు కనబడిందంటే ఆ సీను అక్కడితో అయిపోయినట్టే.

తిండి గురించి మరిచిపోకు, చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ షూటింగులో ప్రాణం తీస్తుంది. అత్తయ్య లేడీ బ్రాక్‌నెల్ కోసం చేయించిన కీరా శాండ్‌విచ్‌లన్నీ ఆల్జర్నన్ మాటల మధ్యలో తినేస్తాడు. ఆవిడ వచ్చేసరికి పళ్లెం ఖాళీ. బజార్లో కీరాలే లేవని లేన్ రెప్ప వేయకుండా అబద్ధం చెబుతాడు. రెండో అంకం చివర మఫిన్లూ అంతే. ప్రతి షాటులోనూ పళ్లెంలో ఎన్ని మిగిలాయో స్క్రిప్టులోనే అంకె వేసి రాయి. ప్రతి టేకులోనూ నటుడు మళ్లీ తినాలి కదా, కాబట్టి ఏ మాట దగ్గర కొరకాలో, ఏ మాటకి నోరు ఖాళీగా ఉండాలో ముందే తేల్చు. పళ్లెం ఖాళీ అవుతుండటం వెనకాల కనిపిస్తూ ఉంటే, లేన్ అబద్ధానికి ముందే జనం సిద్ధంగా ఉంటారు.

కాలం మార్చి ఇప్పటి లండన్‌లో పెడదామా అని మీ నిర్మాత అంటున్నాడని రాశావు. 2004లో ‘లేడీ విండర్‌మియర్స్ ఫ్యాన్’ని 1930ల ఇటలీకి, అమాల్ఫీ సముద్రతీరానికి మార్చి ‘ఎ గుడ్ వుమన్’ అని తీశారు. నటులంతా మంచివాళ్లే. కానీ చెడ్డపేరు పడ్డ ఆడదానికి లండన్‌లో ఏ ఇంటి తలుపూ తెరుచుకోని 1892లో ఆ కథకున్న భయం, సెలవులకి వచ్చిన ఊళ్లో ఉండదు. నీ కథకి కూడా ఆ భయం కావాలి. ఈ నాటకం 1895 ఫిబ్రవరి 14న మొదలైంది. ఏప్రిల్ 5న, మగవాళ్లతో సంబంధాలున్నాయన్న నేరం మీద వైల్డ్‌ని అరెస్టు చేశారు. నాటకం కొన్నాళ్లు ఆడుతూనే ఉంది, పోస్టర్ల మీద రాసినవాడి పేరు మాత్రం తీసేశారు. మే 25న రెండేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. ఊళ్లో ఒక పేరుతో, పల్లెలో ఒక పేరుతో బతికేవాళ్ల కథ రాసిన మనిషికి, దొరికిపోతే ఏమవుతుందో బాగా తెలుసు. దీన్ని సినిమాలో చెప్పమనడం లేదు, వైల్డ్‌ని పాత్రగా తెచ్చి పెట్టొద్దు కూడా. జాక్ వేసే అబ్బాయికి మాత్రం ఒకసారి చెప్పు. ‘దొరికిపోతానేమో’ అన్న బెదురు అతని ఒంట్లో కొంచెం ఉండాలి.

మనవాళ్ల పని కూడా ఒకటి చూడు. ‘లేడీ విండర్‌మియర్స్ ఫ్యాన్’ లండన్‌లో మొదటిసారి ఆడిన 1892లోనే విజయనగరంలో గురజాడవారి ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడారు. అక్కడ డ్రాయింగ్ రూము, ఇక్కడ అగ్రహారం, పోలికలు పెట్టనవసరం లేదు. కానీ మాటల మీద నడిచే పెద్ద నాటకాన్ని తెరకి తేవడంలో ఉన్న చిక్కు ఒకటే. పి. పుల్లయ్యగారు 1955లో దాన్ని సినిమాగా తీశారు. ఎన్.టి.రామారావు గిరీశం, సి.ఎస్.ఆర్. రామప్పపంతులు, సావిత్రి మధురవాణి. గిరీశం వాగ్ధాటి గురించి అందరూ చెబుతారు. నువ్వు సావిత్రి వినే తీరు చూడు. మగవాళ్లు కోతలు కోస్తుంటే మధురవాణి నమ్మినట్టే వింటూ, ఎంత నమ్మాలో లోపల లెక్క కట్టుకుంటూ ఉంటుంది. ఆ కళ్లు చూస్తూ ఉంటే సీను ఎవరి చేతిలో ఉందో ఇట్టే తెలుస్తుంది.

హక్కుల గురించి అడిగావు. వైల్డ్ 1900లో పోయాడు, నాటకం మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఆ సినిమాలు సొంతంగా కల్పించుకున్నవాటిని ముట్టుకోకు, బెలూను సంగతి సహా. తెలుగు సబ్‌టైటిల్స్ వేస్తే నేను చూసిపెడతాను. వాక్యం విరుపు దగ్గరే టైటిల్ కూడా విరగాలి. లేకపోతే నటి రెండో సగం పలకకముందే జనం చదివేసి నవ్వేస్తారు.

ముందు టీ సీను ఒక్కటే మళ్లీ రాసి పంపు. ఏ మాటకి కెమెరా ఎవరి మీద ఉందో మార్జిన్‌లో పక్కనే రాయి. నిర్మాత అడిగాడని పడవ షికారు ఉంచాల్సివస్తే, గట్టు మీద వాళ్లని చూస్తున్నవాళ్లెవరో ముందు తేల్చుకో. హ్యాండ్‌బ్యాగు సీను అన్నిటికంటే ఆఖర్న రాయి, ఈలోపల జాక్ వేసే అబ్బాయి ఎవరో తెలిస్తే నాకు చెప్పు.

ఆశీస్సులతో
పెద్దమ్మ